అమెరికాలో క్రిస్టియన్ కాలేజీ: ఇల్లు గుల్ల కాకుండా ఫీజు కట్టడం ఎలా

క్యాంపస్ చూపించడానికి తీసుకెళ్లిన రోజే సగం నిర్ణయం అయిపోతుంది. చాపెల్‌లో ఆరాధన, పేరు పెట్టి పలకరించే ప్రొఫెసర్లు, డార్మ్‌లో రాత్రిపూట ప్రార్థన కూడికలు. తిరుగు ప్రయాణంలో అమ్మాయి "నేను ఇక్కడే చదువుతా" అంటుంది. మీ మనసులోనూ అదే ఉంటుంది. ఫీజు మాట వచ్చేసరికి "దేవుడే చూసుకుంటాడులే" అనుకుని సంతకం పెట్టేస్తాం. దేవుడు చూసుకుంటాడు, కాదనను. కిస్తీ మాత్రం నెలనెలా మన ఖాతాలోంచే పోతుంది.

వీటన్, బేలర్, కాల్విన్, లిబర్టీ లాంటి చోట్లకు పిల్లల్ని పంపాలనుకుంటున్న అమెరికా తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఇండియా నుంచి నేరుగా వచ్చే విద్యార్థుల సంగతి చివర్లో కొంత ఉంది. అప్పు ఎంతవరకో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కాలేజీల జాబితా రాయాలి. ఈ వరస తిరగబడితే ఎన్ని స్కాలర్‌షిప్పులు వచ్చినా చాలవు.

1. కాగితం మీద ఒక అంకె వేయండి

తల్లిదండ్రుల మీద ఆధారపడి డిగ్రీ చదివే పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డైరెక్ట్ లోన్‌కు పరిమితి ఉంది. మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500. నాలుగేళ్లలో డిగ్రీ అయిపోతే మొత్తం 27,000. 2025-26లో తీసుకున్న లోన్లకు వడ్డీ 6.39 శాతం. ఈ లెక్కన 27,000 పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 305 డాలర్లు కట్టాలి. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ దీనికి అదనం. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకు ఇది బరువే, కానీ మోయగలిగిన బరువు.

అసలు ప్రమాదం పేరెంట్ ప్లస్ లోన్‌తో. అది మీ పేరు మీద ఉంటుంది. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం. పైగా డబ్బు చేతికి రాకముందే 4 శాతానికి పైగా ఫీజు కోసేస్తారు. ఇంతకుముందు కాలేజీ ఖర్చు ఎంతైతే అంతా ఈ లోన్‌గా తీసుకోనిచ్చేవారు. 2025 జులై 4న వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 అని గీత గీశారు. ప్రభుత్వం గీసిన గీత కదా, అంతవరకు పర్వాలేదేమో అనుకోకండి. 65,000 ఆ వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 820 డాలర్లు, మొత్తం దాదాపు 98,500. అప్పటికి మీ వయసెంతో, రిటైర్మెంట్‌కు ఎన్నేళ్లుందో లెక్కేసుకోండి.

నన్నడిగితే పిల్లల పేరు మీద 27,000, మీ పేరు మీద సున్నా. ప్రైవేట్ బ్యాంకు లోన్‌కు మీరు కో-సైన్ (హామీ సంతకం) చేయడం, బావగారినో తమ్ముణ్నో చేయమనడం అసలే వద్దు. అప్పు తీరకపోతే చుట్టరికం కూడా పోతుంది.

చదివే సబ్జెక్టును బట్టి ఈ 27,000 కూడా ఎక్కువ కావచ్చు. మొత్తం అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదన్నది మంచి కొలత. నర్సింగ్, అకౌంటింగ్ చదివితే ఇబ్బంది లేదు. యూత్ మినిస్ట్రీ, సోషల్ వర్క్, స్కూల్ టీచింగ్ అయితే జాగ్రత్త. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారో, ఎంత అప్పుతో బయటికొస్తున్నారో ప్రభుత్వం నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్‌లో చూడవచ్చు. కాలేజీ మొత్తం సగటు కాకుండా మీ పిల్ల కోర్సు అంకె చూడండి.

ఇంట్లో ఈ మాట పదకొండో తరగతిలోనే చెప్పేయండి. "చూడు తల్లీ, ఏడాదికి 15 వేలు మేం ఇవ్వగలం. లోన్ నీ పేరు మీద ప్రభుత్వం ఇచ్చేంతే. ఈ రెండిట్లో సరిపోయే ఏ కాలేజీకైనా వెళ్లు, మేం అడ్డు చెప్పం" అనండి. పిల్లలు అర్థం చేసుకుంటారు. సీటు వచ్చి, టీషర్ట్ కొనుక్కుని, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టాక చెబితేనే ఇల్లు యుద్ధభూమి అవుతుంది.

2. ఫాఫ్సా నింపండి: మన ఇళ్లకు తగిలే మెలికలు

ఫెడరల్ సాయానికి దరఖాస్తు ఫాఫ్సా. మామూలుగా అక్టోబర్ 1కల్లా తెరుస్తారు. "మా ఇద్దరివీ ఐటీ జీతాలు, మాకేమీ రాదు" అని చాలామంది నింపరు. పెల్ గ్రాంట్ రాకపోవచ్చు. అది తక్కువ ఆదాయం వాళ్లకు, 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. కానీ డైరెక్ట్ లోన్ కావాలన్నా, చాలా రాష్ట్రాల గ్రాంట్లు కావాలన్నా, కాలేజీ తన సొంత డబ్బులోంచి అవసరాన్ని బట్టి ఇచ్చేది కావాలన్నా దారి ఇదే. కొన్ని కాలేజీలు దీంతోపాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే రెండో ఫారం కూడా అడుగుతాయి.

మీరు హెచ్1బీలో ఉన్నా, మీ పిల్ల అమెరికాలో పుట్టి ఉంటే తను పూర్తి అర్హురాలు. తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలూ అర్హులే. హెచ్4లో (హెచ్1బీ వాళ్ల కుటుంబ వీసా) ఉన్న పిల్లలకు మాత్రం ఫెడరల్ సాయం లేదు.

పేర్ల దగ్గర మనవాళ్లు చాలామంది ఇరుక్కుంటారు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోచోట ఉంటుంది. కొందరికి మొదటి పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. ఫాఫ్సా ఖాతా తెరిచేటప్పుడు మీ పేరు, పుట్టిన తేదీ సోషల్ సెక్యూరిటీ రికార్డుతో సరిచూస్తారు. కార్డు మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి. ఖాతా ఇప్పుడే తెరిచి ఉంచండి. గడువు దగ్గర పడ్డాక పేరు కలవలేదని మెసేజ్ వస్తే ఆ టెన్షన్ వేరు.

తర్వాత ఆస్తులు. మీరుంటున్న ఇల్లు, 401కె లాంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సా లెక్కలోకి రావు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్, గుంటూరు దగ్గర కొన్న ప్లాట్, ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రం వస్తాయి. ఇండియాలో ఉన్నాయి కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. అది ఫెడరల్ ఫారం, కింద సంతకం మీది. ఆ ఫ్లాట్ మీద బ్యాంకు లోన్ ఉంటే విలువలోంచి అది తీసేసి మిగిలింది రాయవచ్చు. నాన్నగారి పేరు మీదున్న పొలం మీ ఆస్తి కాదు. మీ పేరుకు రిజిస్టర్ అయిన రోజు నుంచి మీదే.

తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతమే చదువుకు కట్టగలరని ఆ లెక్క అనుకుంటుంది. పిల్లల పేరు మీదున్న డబ్బులో 20 శాతం. అందుకే పుట్టినరోజు కానుకల డబ్బంతా పిల్ల పేరు మీద ఖాతాలో పోగేయడం కన్నా చదువు కోసమే పొదుపు చేసే 529 ప్లాన్‌లో వేయడం మేలు, అది మీ ఆస్తి కిందే లెక్క. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇదివరకు కొంత వెసులుబాటు ఉండేది. 2024-25 నుంచి అదీ లేదు. కవలలున్నవాళ్లకు పెద్ద దెబ్బే.

3. అవార్డ్ లెటర్‌ను పెన్ను పట్టుకుని చదవండి

వెబ్‌సైట్‌లో కనిపించే ఫీజు చూసి బెదిరిపోవద్దు. ప్రైవేట్ కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకు ట్యూషన్‌లో సగటున సగానికి పైగా తగ్గించే ఇస్తున్నాయి. కొన్ని కాలేజీలైతే ఈ తతంగమే వద్దని అసలు ట్యూషన్‌నే బాగా దించేశాయి. ఫెడరల్ సాయం అందించే ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, చట్టప్రకారం ఉండి తీరాలి. దరఖాస్తు పెట్టకముందే అందులో మీ అంకెలు వేసి చూడండి.

సీటు వచ్చాక, ఎంత సాయం ఇస్తారో చెప్పే అవార్డ్ లెటర్ వస్తుంది. అందులోనే కనికట్టు జరుగుతుంది. ఒక ఊహాజనిత ఉత్తరం తీసుకుందాం. ట్యూషన్, ఫీజులు 42,000. గది, భోజనం 12,500. పుస్తకాలు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులు 3,500. మొత్తం 58,000. దాని కింద "మీకు మంజూరైన సాయం" అని మెరిట్ స్కాలర్‌షిప్ 18,000, సంఘం కానుక 1,000, దానికి కాలేజీ జోడింపు 1,000, డైరెక్ట్ లోన్ 5,500, వర్క్ స్టడీ 2,500, పేరెంట్ ప్లస్ 20,000 వరసగా రాస్తారు. చివర్లో "మిగిలిన మొత్తం: 10,000".

పదివేలేగా అని సంబరపడిపోతాం. ఇప్పుడు పెన్ను తీసుకుని లోన్లు రెండూ కొట్టేయండి. వర్క్ స్టడీ కూడా కొట్టేయండి. అది పిల్ల పనిచేస్తే వచ్చే జీతం, పని దొరికితేనే. మిగిలిన నిజమైన సాయం 20,000. అంటే ఏడాదికి మీ ఇంట్లోంచి పోయేది 38,000. నాలుగేళ్లకు లక్షన్నర దాటుతుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2022లో చాలా కాలేజీల ఉత్తరాలు తిరగేస్తే, నూటికి 91 కాలేజీలు అసలు కట్టాల్సింది ఎంతో చెప్పనే లేదు, లేదా తగ్గించి చూపాయి. క్రిస్టియన్ కాలేజీ కాబట్టి ఇలా చేయదని మీరు నమ్మితే నేనేమీ అనను. పెన్ను మాత్రం పక్కన పెట్టకండి.

ఇంకో లెక్క కూడా వేయాలి. మెరిట్ స్కాలర్‌షిప్ చాలాచోట్ల నాలుగేళ్లూ ఒకే అంకె. ట్యూషన్ మాత్రం ఏటా పెరుగుతుంది. 42,000 ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగితే నాలుగో ఏటికి 47,000 దాటుతుంది. ఆ తేడా ఐదువేలూ మీ మీదే పడుతుంది. ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడిగి, జవాబు రాతలో తీసుకోండి. స్కాలర్‌షిప్ నిలవాలంటే జీపీఏ ఎంత ఉండాలి? బయటి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే మీరిచ్చేది తగ్గిస్తారా? గత నాలుగేళ్లలో ట్యూషన్ ఎంతెంత పెరిగింది?

4. సంఘం, డినామినేషన్ డబ్బు

మామూలు కాలేజీల్లో లేని వెసులుబాటు ఇక్కడుంది. చాలా క్రిస్టియన్ కాలేజీల్లో చర్చ్ మ్యాచింగ్ ఉంటుంది. మీ సంఘం పిల్లకు ఇచ్చినంత, ఒక పరిమితి వరకు, కాలేజీ కూడా కలుపుతుంది. పెద్ద మొత్తాలేమీ కావు. కానీ గడువు ఉంటుంది, ఆ తేదీ దాటాక చెక్కు వస్తే జోడింపు పోయినట్టే. మన తెలుగు సంఘాల్లో బడ్జెట్ మాటలు సంవత్సరాంతంలో జరుగుతాయి కాబట్టి పాస్టర్‌గారితో శరదృతువులోనే మాట్లాడండి. సంఘం లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ అయి ఉండాలని కొన్ని కాలేజీలు అడుగుతాయి. ఇళ్లలో కూడుకునే చిన్న సహవాసాలకు ఇక్కడ చిక్కు రావచ్చు.

ఒక హెచ్చరిక. "మా అబ్బాయి ఫీజుకు" అని రాసి మీరే సంఘానికి డబ్బిచ్చి, దాన్ని టాక్స్‌లో డొనేషన్‌గా చూపిద్దామనుకుంటే కుదరదు. ఫలానా వ్యక్తికే చెందాలని ఇచ్చిన డబ్బుకు మినహాయింపు లేదు. కోశాధికారిని కూడా ఇరుకున పెట్టినవాళ్లవుతారు.

డినామినేషన్ స్కాలర్‌షిప్పులు వేరే. లూథరన్ కాలేజీలు లూథరన్ పిల్లలకు, బాప్టిస్టు కాలేజీలు బాప్టిస్టు పిల్లలకు, నజరీన్ వాళ్లవి నజరీన్ పిల్లలకు ఇస్తుంటాయి. గుంటూరు వైపు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబాలు, నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబాలు ఇక్కడికొచ్చాక స్వతంత్ర తెలుగు సంఘంలో చేరిపోయి ఉంటాయి. కాలేజీ అడిగేది తాతగారి సంఘం పేరు కాదు, ఇప్పటి సభ్యత్వం మీద పాస్టర్ ఉత్తరం. దరఖాస్తు పెట్టే ముందే అర్హత నిబంధన చదవండి. స్కాలర్‌షిప్ కోసం సంఘం మారమని మాత్రం నేను చెప్పను. పాస్టర్ల పిల్లలకు, మిషనరీల పిల్లలకు విడిగా రాయితీలు ఉంటాయి, మొహమాటపడకుండా అడగండి.

5. మీ రాష్ట్రం ఏమిస్తుందో చూడండి

ప్రైవేట్ కాలేజీ కదా, రాష్ట్రం ఎందుకిస్తుంది అనుకుంటాం. టెక్సస్‌లో ట్యూషన్ ఈక్వలైజేషన్ గ్రాంట్, వర్జీనియాలో ట్యూషన్ అసిస్టెన్స్ గ్రాంట్, ఇల్లినాయ్‌లో మ్యాప్, కాలిఫోర్నియాలో కాల్ గ్రాంట్ ఇవన్నీ సొంత రాష్ట్రంలోని ప్రైవేట్ కాలేజీలో చదివినా వర్తిస్తాయి. కొన్ని ఆదాయాన్ని బట్టి, వర్జీనియాది ఆదాయంతో పని లేకుండా. రాష్ట్రం దాటి వెళ్తే చాలావరకు ఇవి పోతాయి. డాలస్‌లో ఉండి, టెక్సస్‌లోనే మంచి క్రిస్టియన్ కాలేజీలుండగా ఇంకో రాష్ట్రానికి పంపుతుంటే ఈ నష్టం కూడా లెక్కలో వేసుకోండి.

పాస్టర్ కావాలనుకునే పిల్లలకు ఒక మెలిక ఉంది. కొన్ని రాష్ట్రాల గ్రాంట్లు పాస్టర్ల శిక్షణ డిగ్రీలకు ఇవ్వరు. ఇది కోర్టుదాకా వెళ్లిన విషయమే. వాషింగ్టన్ రాష్ట్రం పాస్టరల్ మినిస్ట్రీ చదివే విద్యార్థికి స్కాలర్‌షిప్ ఆపేస్తే, అలా ఆపడం తప్పు కాదని 2004లో లాక్ వర్సెస్ డేవీ కేసులో సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది. డిగ్రీ హిస్టరీలోనో, బిజినెస్‌లోనో చేసి, సెమినరీకి తర్వాత వెళ్లడం చాలామందికి డబ్బు పరంగా మంచి దారి. సెమినరీల్లో స్కాలర్‌షిప్పులు వేరే ఉంటాయి.

6. ఒక ఏడాది తగ్గించండి

పైన చూసిన ఉత్తరంలో ఒక ఏడాది తగ్గితే 38,000 మిగిలినట్టే. ఇంత పెద్ద స్కాలర్‌షిప్ బయట దొరకడం చాలా కష్టం. హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), క్లెప్ పరీక్షలు రాయించండి, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చదివించండి. ఫ్లోరిడాలో పబ్లిక్ స్కూలు పిల్లలకు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ట్యూషన్ ఉచితం. క్లెప్ పరీక్ష ఫీజు వంద డాలర్ల లోపు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ కోర్సు పూర్తిచేసిన వాళ్లకు ఆ ఫీజు కూడా తనే కడుతుంది.

అయితే ఏ క్రెడిట్ ఏ కాలేజీ తీసుకుంటుందో ముందే చూడాలి. క్రిస్టియన్ కాలేజీల్లో బైబిల్, థియాలజీ కోర్సులు తప్పనిసరి. అవి ఎక్కువగా అక్కడే చదవాల్సి ఉంటుంది. కాబట్టి బయటి నుంచి తెచ్చే క్రెడిట్లు ఇంగ్లిష్, మ్యాథ్, హిస్టరీ, సైన్స్‌లో ఉండేలా చూసుకోండి. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి మారడం కూడా మంచిదే. కానీ పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్పులు చాలావరకు మొదటి ఏడాది చేరేవాళ్లకే ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ పిల్లలకు చిన్నవి. హైస్కూల్ అవకముందు సంపాదించిన క్రెడిట్లతో మామూలుగా ఈ ఇబ్బంది రాదు. రెండు దారులూ అంకెలు వేసి పోల్చండి.

ఇంటి నుంచి వెళ్లిరాగలిగే దూరంలో కాలేజీ ఉంటే గది, భోజనం ఖర్చు మిగులుతుంది. కొన్ని కాలేజీలు మొదటి రెండేళ్లు క్యాంపస్‌లోనే ఉండాలంటాయి, ముందే అడగండి. తర్వాతి ఏళ్లలో ఆర్ఏ (డార్మ్‌లో పిల్లల బాగోగులు చూసే విద్యార్థి) ఉద్యోగం దొరికితే గది అద్దె ఉండదు, చాలాచోట్ల భోజనం కూడా కలిపి ఇస్తారు.

7. వేరే పద్ధతిలో నడిచేవి

మిస్సోరీలోని కాలేజ్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో ట్యూషన్ లేదు. వారానికి 15 గంటలు క్యాంపస్‌లో పని, దానికి తోడు ఏటా 40 గంటల పని వారాలు రెండు. ఫెడరల్ లోన్లు అక్కడ ఇవ్వనే ఇవ్వరు. ఓజార్క్స్ ప్రాంతం పిల్లలకు ప్రాధాన్యం. కెంటకీలో బెరియా కాలేజ్ 1855లో బానిసత్వాన్ని వ్యతిరేకించిన పాస్టర్ జాన్ ఫీ స్థాపించింది, 1892 నుంచి ట్యూషన్ వసూలు చేయడం లేదు. కానీ అది తక్కువ ఆదాయం కుటుంబాల కోసం. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైతే ఆ ఆశ వదిలేయండి. మనవాళ్లలో అందరూ ఐటీ వాళ్లు కాదు కదా. గ్యాస్ స్టేషన్లో, మోటెల్లో పనిచేస్తూ పిల్లల్ని చదివించేవాళ్లు ఇలాంటి చోట్లకు తప్పక ప్రయత్నించాలి.

పెన్సిల్వేనియాలోని గ్రోవ్ సిటీ, మిషిగన్‌లోని హిల్స్‌డేల్ ఫెడరల్ డబ్బు ముట్టవు. సిద్ధాంతంగా బాగానే ఉంది. మీకు మాత్రం అక్కడ పెల్ గ్రాంటూ లేదు, డైరెక్ట్ లోనూ లేదు. అప్పు కావాలంటే ప్రైవేట్ లోనే. కాబట్టి చేతిలో డబ్బుంటేనే.

సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో చేరి, అక్కడి ఇంటర్‌వర్సిటీ, క్రూ లాంటి విద్యార్థి సహవాసాల్లో గట్టిగా నిలబడ్డ పిల్లలు ఎందరో ఉన్నారు. జాబితాలో ఒక్క ప్రభుత్వ యూనివర్సిటీ అయినా ఉంచండి. మిగతా వాటిని దేనితో పోల్చాలో తెలుస్తుంది, బేరానికీ పనికొస్తుంది.

8. కాలేజీయే నిలబడుతుందా?

న్యూయార్క్‌లోని అలయన్స్ యూనివర్సిటీ, ఒకప్పటి నయాక్ కాలేజ్, 2023లో మూతపడింది. చిన్న క్రిస్టియన్ కాలేజీలు చాలా ఇబ్బందుల్లో ఉన్నాయి. మధ్యలో మూతపడితే కొన్ని క్రెడిట్లు పోవచ్చు, ఏళ్లూ పోవచ్చు. విద్యాశాఖ ప్రైవేట్ కాలేజీల ఆర్థిక స్థితికి మైనస్ 1 నుంచి 3 వరకు మార్కులు వేస్తుంది. 1.5 కన్నా తక్కువ ఉంటే ఆలోచించండి. గుర్తింపు ఎవరిచ్చారో కూడా చూడండి. బైబిల్ కాలేజీలకు ఏబీహెచ్ఈ, ట్రాక్స్ అనే సంస్థలు గుర్తింపు ఇస్తాయి. అవి ప్రభుత్వం ఒప్పుకున్నవే. అయినా అక్కడి క్రెడిట్లను కొన్ని స్టేట్ యూనివర్సిటీలు తీసుకోవు. మధ్యలో మారాలనుకునే పిల్లకు ఇది పెద్ద సమస్య.

9. మళ్లీ అడగండి

మన దగ్గర కూరగాయల బండి దగ్గర బేరమాడే మనిషి కాలేజీ ఉత్తరం చేతికి రాగానే నోరు మెదపడు. అడగండి. ఇంకో కాలేజీ ఎక్కువ ఇస్తే ఆ ఉత్తరం జతచేసి, "మా అమ్మాయికి మీ కాలేజీయే ఇష్టం, ఏడాదికి ఇంత తేడా ఉంది, ఏమైనా చేయగలరా" అని మర్యాదగా రాయండి. మే 1 లోపు చాలా కాలేజీలు నిర్ణయం అడుగుతాయి కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే కదలాలి.

ఉద్యోగం పోయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఫాఫ్సా రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది. 2026-27కు 2024 టాక్స్ రిటర్న్. ఆ తర్వాత లేఆఫ్ అయినా ఫారంలో మీరింకా పాత జీతంలోనే కనిపిస్తారు. ఎయిడ్ ఆఫీసుకు ఆ లెక్క సవరించే అధికారం ఉంది. లేఆఫ్ లెటర్, సెవరెన్స్ కాగితం, నిరుద్యోగ భృతి వివరాలు పంపి "స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్" కింద పరిశీలించమనండి. సంఘంలో తెలిస్తే నామోషీ అని దాచుకునే విషయాన్ని ఇక్కడ దాచకండి.

దంపతుల ఆదాయం 1,60,000 లోపు ఉంటే ట్యూషన్ మీద ఏడాదికి 2,500 వరకు అమెరికన్ ఆపర్చ్యూనిటీ టాక్స్ క్రెడిట్ పూర్తిగా వస్తుంది. 1,80,000 దాటితే ఏమీ రాదు. అర్హత ఉంటే ఏటా 4,000 ట్యూషన్ 529లోంచి కాకుండా జేబులోంచి కట్టండి, ఆ ఖర్చు మీదే ఈ క్రెడిట్ లెక్కిస్తారు.

10. హెచ్4 పిల్లలు, ఇండియా నుంచి వచ్చేవాళ్లు

ఫెడరల్ సాయం లేదు కాబట్టి కాలేజీ తన డబ్బులోంచి ఏమిస్తుందన్నదే అంతా. హెచ్4లో ఉన్న పిల్లలు క్యాంపస్‌లో కూడా పనిచేయకూడదు. 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్1 (స్టూడెంట్ వీసా) లాంటి వేరే వీసాకు మారాలి. అవార్డ్ లెటర్‌లో వర్క్ స్టడీ కనిపిస్తే వెంటనే మెయిల్ పెట్టి సరిచేయించండి.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో ఎఫ్1 మీద వచ్చేవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయగలరు. దాంతో ట్యూషన్ తీరదు. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి లోన్ తీసుకుని బ్యాచిలర్ డిగ్రీకి రావడం, అదీ మినిస్ట్రీ చదువుకు, నేను ఎవరికీ చెప్పను. పూర్తి సాయం ఇచ్చేచోట్లే ప్రయత్నించండి. బెరియా ఏటా కొద్దిమంది విదేశీ విద్యార్థుల్ని తీసుకుంటుంది. క్యాథలిక్ యూనివర్సిటీ నోటర్ డామ్, విదేశీ విద్యార్థుల్ని కూడా డబ్బుతో సంబంధం లేకుండా చేర్చుకుని లోన్ లేకుండా సాయం చేస్తామని 2024లో ప్రకటించింది. సీటు రావడం చాలా కష్టం, అది వేరే సంగతి.

11. చేరిన తర్వాత

ఫాఫ్సా ఏటా నింపాలి. డైరెక్ట్ లోన్లలో అన్‌సబ్సిడైజ్డ్ రకానికి (చదువుకునేటప్పుడు ప్రభుత్వం వడ్డీ కట్టనిది) మొదటి రోజు నుంచే వడ్డీ పెరుగుతుంది. వేసవిలో పనిచేసిన డబ్బుతో ఆ వడ్డీ వరకైనా పిల్ల కట్టేస్తే అసలు మొత్తం పెరగదు. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఖాతా చూసి, అక్కర్లేని లోన్ మొత్తాన్ని వెనక్కి ఇచ్చేయండి. ఇస్తామన్నంతా తీసుకోవాలని రూలేమీ లేదు.

సంఘంలోనో, క్రైస్తవ సేవాసంస్థలోనో పూర్తికాల ఉద్యోగం చేస్తే, ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌లో 120 కిస్తీల తర్వాత మిగిలిన ఫెడరల్ లోన్ రద్దయ్యే పీఎస్ఎల్ఎఫ్ పథకం ఉంది. ఇదివరకు ప్రసంగం, ఆరాధన, బోధనకు వెచ్చించిన గంటలు లెక్కలోకి వచ్చేవి కావు. 2021 జులై నుంచి వస్తున్నాయి. దీనికి యజమాని సంతకంతో ఫారం పంపాలి, ఏటా పంపితే మంచిది. సంఘం మారినప్పుడు, పాస్టర్‌గారు మారకముందే ఆ సంతకం తీసుకుని పెట్టుకోమని పిల్లకు చెప్పండి.